మసక కప్పు

జూన్ 3, మంగళవారం

నాకు కోపం లేదు. ముందు ఆ ముక్క రాసేసి, తర్వాత జరిగింది రాస్తాను.

ఇవాళ కంపెనీ వార్షిక సమావేశం. ఇంట్లోవాళ్ళను తీసుకురావచ్చు అన్నారు. అమ్మ రానంది. ఇద్దరూ వెళితే ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరుంటారని. నాన్న వచ్చాడు. అందరి చొక్కాలూ ముడత లేకుండా చేసే మనిషి, తన చొక్కా కోసం ఇంతసేపు ఇస్త్రీపెట్టె తిప్పడం నేనెప్పుడూ చూడలేదు. కాలరు చేసి, చూసి, మళ్ళీ చేశాడు. నలిగిపోతుందని హాల్లో కుర్చీకి వీపు ఆనించకుండా నిటారుగా కూర్చున్నాడు.

అత్తరు స్టేజీ ఎక్కాడు. మా విభాగానికి పెద్ద ఆయనే. పేరుకు ముందు డాక్టరు. ఆయన వచ్చి వెళ్ళిన గదిలో ఆ వాసన అరగంటదాకా పోదు కాబట్టి వెనకాల అందరూ అత్తరు అనే అంటారు. నేను ఇన్నాళ్ళూ అనలేదు, గురువులాంటివాడని. ఇకమీద అంటాను, కనీసం ఇక్కడ.

తెర మీద నా కప్పు. మొక్కజొన్న పిండి నుంచి తీసిన ప్లాస్టిక్కుతో చేసి, మరిగే టీ పోసినా కూలిపోకుండా మా కంపెనీలో నిలబడ్డ మొదటి కప్పు. పక్కన నేను గీసిన గ్రాఫు. అందులో ఒక చుక్క కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది. ఆ చుక్క కూడా అలాగే ఉంది. కింద లావుపాటి అక్షరాల్లో, రూపకర్త అని, ఒక పేరు. ఒక్కటే పేరు.

నాన్న నా వైపు వంగాడు. "నీ పేరెక్కడుందమ్మా?"

నాన్నకు చదువు రాదు. అమ్మకూ రాదు. మా ఇంట్లో కరెంటు బిల్లు నుంచి మందుసీసా దాకా చదివిపెట్టేది నేనే. వేలు పెట్టి చూపించి, "అదిగో నాన్నా, ఆ లావు అక్షరాలు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. నాన్న కళ్ళు చికిలించి ఒక్కొక్క అక్షరమే చూశాడు. చప్పట్లు అందరికన్నా ఆఖర్న ఆపింది ఆయనే.

బయట బల్ల మీద రంగుల కరపత్రాలు పెట్టారు. వాటిలోనూ అదే బొమ్మ, అదే పేరు. నాన్న ఒకటి తీసుకున్నాడు. మడత పడకూడదని రెండు చేతులతో పట్టుకుని, బస్సులో సీటు దొరికినా నిలబడే వచ్చాడు.

నాకు కోపం లేదు.

జూన్ 4, బుధవారం

కరపత్రం గోడెక్కింది, ఇస్త్రీ బల్లకు సరిగ్గా ఎదురుగా. బట్టలు తెచ్చిన ప్రతి మనిషికీ చూపిస్తున్నాడు. "మా పిల్ల పేరండీ. కప్పు చేసింది."

చదువొచ్చినవాళ్ళు చదువుకుని, నా వైపొకసారి చూసి, బట్టల మూట తీసుకుని వెళ్ళిపోతున్నారు.

జూన్ 5, గురువారం

అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"సార్, మొన్న తెర మీద... పేర్ల సంగతి."

"ఏ పేర్లు?"

"కప్పు పని చేసిందెవరో రాసిన చోట."

"ఓ, అదా." కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మాయ్, తెర మీద పది పేర్లు పెడితే చూసేవాడికి అయోమయం. ఇది అందరి పని. నీ పేరు ఇక్కడుంది." గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. అత్తరు గుప్పుమంది.

"పది కాదు సార్. రెండు."

నవ్వాడు. ఆ నవ్వు నిజంగా మంచివాడి నవ్వులాగే ఉంటుంది, అదే కష్టం. "ఇంట్లో మొదటిసారి చదువుకున్న పిల్లలతో వచ్చే ఇబ్బంది ఇదే. పేరు కావాలి, ఇవాళే కావాలి. కాస్త ఎదుగు."

"సరే సార్" అన్నాను. సరే అని, తలుపు చప్పుడు కాకుండా వేసి మరీ వచ్చాను.

జూన్ 6, శుక్రవారం

కాస్త ఎదుగు అన్నాడు.

జూన్ 8, ఆదివారం

నాన్న ఇవాళ తీరిగ్గా అడిగాడు. "అసలు నువ్వు చేసిందేంటో నాకు సరిగ్గా చెప్పు. అడిగినవాళ్ళకు చెప్పలేకపోతున్నా."

చెప్పాను. పిండి ప్లాస్టిక్కు మంచిదే, మట్టిలో కలిసిపోతుంది, కానీ వేడికి ఆగదు. టీ పోస్తే మెత్తబడి కూలబడుతుంది. అందులో చిటికెడు పొడి కలుపుతాం. అయినా పొడి ఒక్కటే చాలదు. కరిగిన ప్లాస్టిక్కు అచ్చులోకి వెళ్ళాక అందరూ వెంటనే చల్లార్చేస్తారు. అలా చెయ్యకూడదు. అచ్చును వేడిగానే ఉంచి, నిమిషంపాటు లోపల వదిలెయ్యాలి. అప్పుడు దాని పోగులు తీరిగ్గా ఒక వరసలో సర్దుకుంటాయి. సర్దుకున్నది వేడికి కదలదు.

"ఆ పొడి?"

"ఎక్కడ సర్దుకోవాలో చోటు చూపిస్తుంది. అంతే. సర్దుకోవడానికి టైము మనమే ఇవ్వాలి."

"చల్లార్చేస్తే?"

"చూడ్డానికి గాజులా ఉంటుంది. అవతలి మనిషి కనిపిస్తాడు. టీ పోస్తే చచ్చిపోతుంది. గట్టి కప్పేమో పాలు కలిపిన నీళ్ళలా మసగ్గా ఉంటుంది."

"అందమైనది చేతకానిది, అనాకారి పనికొచ్చేది. మీ అమ్మా నేనూ లాగా" అన్నాడు నాన్న. అమ్మ లోపల్నుంచి, "అందులో ఎవరు ఎవరో కూడా చెప్పు" అంది.

నవ్వాం. నవ్వుతూనే నాన్న గోడ వైపు చూశాడు, ఆ పేరు వైపు.

జూన్ 10, మంగళవారం

ఆస్పత్రుల క్యాంటీన్లకు కప్పులు కొనేవాళ్ళు 20న వస్తున్నారట. పెద్ద బేరం. వాళ్ళ కళ్ళ ముందే మరిగే టీ పోసి చూపించాలి. చూపించేది అత్తరు. "గాజులా మెరుస్తుంది, మరిగే టీకి చెక్కుచెదరదు" అని ఫోనులో వాళ్ళతో అంటుంటే విన్నాను.

గాజులా మెరుస్తుందా? ఎవరు చెప్పారు ఆయనకు? నా రిపోర్టులో మొదటి పేజీ పొడి గురించి. అచ్చు వేడి గురించి నాలుగో పేజీ. కప్పు మసకబారుతుందన్నదీ అక్కడే.

మొదటి పేజీ దాటలేదు మహానుభావుడు. నా పేరు కింద సంతకం పెట్టడానికి కూడా రాలేదు నాలుగో పేజీ దాకా.

వెళ్ళి చెప్పాలి. రేపు చెప్తాను.

జూన్ 11, బుధవారం

ఆయన మీటింగులో ఉన్నాడు.

జూన్ 12, గురువారం

చెప్పలేదు.

గోడ మీద కరపత్రం లేదు. మేకు గుర్తు మాత్రం ఉంది. నాన్న బల్ల మీదికి మార్చాడని అమ్మ అంది. ఎందుకని అడగలేదు. బల్ల వైపు వెళ్ళలేదు కూడా. కనిపించకపోతే అదే చాలు.

అమ్మ అడిగింది, "నిద్రలో పళ్ళెందుకే అలా కొరుకుతున్నావు? రాళ్ళు నూరినట్టుంది."

జూన్ 17, మంగళవారం

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి. తర్వాత మరోలా గుర్తుపెట్టుకుంటానేమోనని.

అత్తరు మిషన్ల హాల్లోకి వచ్చాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. మిషను ఆపరేటరు, నేనూ చూపించడానికని మసక కప్పులు తీసి పేరుస్తున్నాం. ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టాడు.

"ఇవేంటి, పాలు విరిగినట్టున్నాయి?"

"అవే సార్, గట్టివి" అన్నాను.

"ఆస్పత్రి వాళ్ళకు ఈ మురికి కప్పులు చూపించమంటావా? కడగలేదనుకుంటారు." అచ్చు దగ్గరికి చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "ఇదెందుకింత కాలిపోతోంది? ఒక్కో కప్పుకు నిమిషం పడుతుంటే ఎప్పటికవుతాయి? చల్లార్చండి. పొడి వేశాం కదా, పొడి చూసుకుంటుంది."

"సార్, నాలుగో..."

చెయ్యెత్తాడు. ట్రాఫిక్కు పోలీసు బండిని ఆపినట్టు. "రిపోర్టు నేను చదివాను. నాకు నేర్పకు."

నోరు మూసుకున్నాను. అప్పటిదాకా, నిజంగా అప్పటిదాకా, చెప్పాలనే ఉంది. ఆ చెయ్యి లేవగానే లోపల ఏదో చల్లబడింది. హాయిగా అనిపించింది.

ఆయన వెళ్ళాక ఆపరేటరన్న నా మొహంలోకి చూశాడు. ఆరు వారాలుగా అచ్చు కాస్త వేడి తగ్గితే చాలు, నేను ఆయన ప్రాణం తోడేశాను.

"ఏం చెల్లెమ్మా? ఇన్నాళ్ళూ చల్లబడితే తిట్టావు. ఇవాళ చల్లార్చనా?"

"సారు చెప్పారు కదన్నా."

"సారు చెప్పింది విన్నాను. నువ్వేమంటావని."

"సారు చెప్పినట్టే చెయ్యన్నా."

ఒక్క క్షణం ఆగి మీట తిప్పాడు. కప్పులు టకటకా పడ్డాయి. అందంగా ఉన్నాయి, అబద్ధం చెప్పను. లోపల వేలు పెడితే వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. మసక కప్పులన్నీ చెత్తబుట్టలో వెయ్యమన్నాడు అత్తరు. వేశాం.

ఒకటి సంచిలో వేసుకున్నాను. ఊరికే.

జూన్ 18, బుధవారం

మధ్యాహ్నం క్యాంటీన్లో ఎవరూ లేనప్పుడు కొత్త కప్పులో టీ పోశాను. బల్ల తుడిచి వచ్చాను.

సాయంత్రం అత్తరు అడిగాడు, "టెస్టు చేశావా ఇవి?"

"పొడి అదే సార్. ప్లాస్టిక్కు గుళికలు అవే."

"గుడ్."

నేను అబద్ధం చెప్పలేదు. పొడి అదే. గుళికలు అవే.

జూన్ 19, గురువారం

రేపు ఎవరేం చెయ్యాలో పంచారు. కప్పు పట్టుకుని మాట్లాడేది అత్తరు. ఓనరు అతిథుల పక్కన. ఓనరుగారి తల్లి కూడా వస్తారట. పెద్దమ్మగారు లేకుండా ఇక్కడ ఏ పెద్ద పనీ జరగదు.

"టీ నువ్వు పొయ్యి అమ్మాయ్" అన్నాడు నాతో. "ఆడపిల్ల చేత్తో పోస్తే నిండుగా ఉంటుంది."

ఎమ్మెస్సీలో నాకు మెడల్ వచ్చింది. ఆ రోజు నాన్న వీధి వీధంతా ఉచితంగా ఇస్త్రీ చేశాడు.

"అలాగే సార్" అన్నాను. సారు తెల్ల ప్యాంటు వేసుకుంటే బాగుండును అనుకున్నాను. ఆయన మొదటి గుక్క తాగేముందు కప్పును పైకెత్తి చూపిస్తాడు. ఎప్పుడూ అంతే, మందు సీసా అమ్మేవాడిలా ఎత్తుతాడు. ఎత్తినప్పుడు కూలితే టీ మణికట్టు మీదుగా మోచేతి దాకా వస్తుంది. ఎత్తకముందే కూలితే ప్యాంటు మీద.

ఇలా ఆలోచించడం తప్పేమీ కాదు. ఆలోచనే కదా. పైగా ఆ కప్పులు రేపు బయటపడకపోతే ఆస్పత్రుల్లో రోగుల చేతికి వెళతాయి. ఎవరో ఒకరు ఆపాలి. నేను ఆపుతున్నాను.

చెప్పి కూడా ఆపొచ్చు. చెప్తే వినడు. చెప్పబోతే చెయ్యెత్తాడు.

నేను అబద్ధం చెప్పలేదు.

జూన్ 20, శుక్రవారం

అయింది. రేపు రాస్తాను. ప్యాంటు తెల్లదే.

జూన్ 21, శనివారం

హాల్లో పొడవాటి బల్ల. తెల్ల గుడ్డ. గాజులాంటి కప్పులు పిరమిడ్డులా పేర్చారు, కిటికీ వెలుతురు పడి మెరుస్తున్నాయి. కొనేవాళ్ళు నలుగురు. వాళ్ళ మధ్య పెద్దమ్మగారు, చక్రాల కుర్చీలో. మనిషి పిట్టంత. కళ్ళు మాత్రం అందరి మీదా తిరుగుతున్నాయి. నేను కెటిల్ పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. మూతలోంచి ఆవిరి వస్తోంది.

అత్తరు చక్కగా మాట్లాడాడు. మట్టిలోంచి వచ్చి మట్టిలో కలిసే కప్పు అన్నాడు. తన ఎన్నో ఏళ్ళ శ్రమ అన్నాడు. శ్రమ అనే మాట దగ్గర గొంతు కాస్త తగ్గించాడు కూడా. అందరూ తలలూపారు.

తర్వాత ఒక కప్పు తీశాడు. నేను కెటిల్ ఎత్తాను. అప్పుడు ఆయన అనుకున్నది మార్చేశాడు.

"మొదటి కప్పు మన పెద్దమ్మగారి చేతికే" అని, వంగి దణ్ణం పెట్టి మరీ, ఆ కప్పు ఆవిడ చేతిలో పెట్టాడు.

చప్పట్లు. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు వణుకుతున్నాయి. కప్పు సరిగ్గా ఒళ్ళో ఉంది. "పొయ్యమ్మాయ్" అన్నాడు అత్తరు.

ఇన్ని రోజులుగా నేను చాలా రకాలుగా ఊహించుకున్నాను. ఇది ఊహించుకోలేదు. కెటిల్ బరువు తెలుస్తోంది. అందరూ నా చేతి వైపే చూస్తున్నారు.

అప్పుడు చెప్పేసి ఉండొచ్చు. ఇది పనికిరాదండీ, అచ్చు చల్లార్చారు అని. నోటి చివరదాకా వచ్చింది. అది కాకుండా ఇంకో మాట బయటికొచ్చింది.

"కప్పు చేసినవారి చేత్తో ముందు చూపిస్తే బాగుంటుంది కదండీ" అని, పెద్దమ్మగారి వేళ్ళు నెమ్మదిగా విడదీసి కప్పు తీసుకుని, అత్తరుకు అందించాను. "మీరు పట్టుకోండి సార్. పోస్తాను."

కొనేవాళ్ళలో ఒకాయన నవ్వి, "అవునవును, డాక్టరుగారే" అన్నాడు. అత్తరు మొహం వెలిగిపోయింది. పట్టుకున్నాడు. అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

పోశాను. నిండుగా పోశాను.

మొదట కప్పు నడుం దగ్గర నొక్కుకుంది, ఎవరో రెండు వేళ్ళతో గిల్లినట్టు. తర్వాత మోకాళ్ళలో సత్తువ పోయిన మనిషిలా ఒక పక్కకు కూలబడింది. టీ మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి, అక్కణ్ణుంచి ప్యాంటు మీదికి. నేను అనుకున్న దారిలోనే వెళ్ళింది, తేడా లేకుండా. ఆయన కప్పు వదలలేదు. వదిలితే పరువు పోతుందనుకున్నాడో ఏమో, కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత అరిచాడు.

గోలగోలైంది. టూత్‌పేస్టు తెమ్మని ఒకరు, ఐసు తెమ్మని ఒకరు. ఇస్త్రీ ఇంట్లో పెరిగినదాన్ని, కాలినప్పుడు ముందు ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఆయన్ను లాక్కెళ్ళి బయట కుళాయి కింద చెయ్యి పెట్టించి పట్టుకున్నాను. నీళ్ళు సన్నగా పడుతున్నాయి. చర్మం ఎర్రబడి, బొబ్బలు లేవడం మొదలైంది. ఆయన కళ్ళలో నీళ్ళు. అత్తరు వాసన లేదు, టీ వాసనే.

చాలాసేపటికి, మెల్లగా అన్నాడు. "అచ్చు చల్లార్చడం వల్లే కదూ?"

"అవును సార్."

"నువ్వు చెప్పాల్సింది."

"మీరు నా పేరు రాయాల్సింది."

చెయ్యి లాక్కోలేదు. నేనూ వదల్లేదు. కుళాయి దగ్గర ఇద్దరం అలా నిలబడ్డాం, చూసేవాళ్ళకు తండ్రీకూతుళ్ళలా ఉండి ఉంటాం.

నాకు సంతోషంగా ఉంది. నిన్నటి నుంచీ సంతోషంగానే ఉంది. అన్నం తినబుద్ధి కావడం లేదు, అది వేరే సంగతి.

జూన్ 22, ఆదివారం

ఆపరేటరన్న ఫోను చేశాడు. "చెల్లెమ్మా, నాకు ముందే ఓ మాట చెప్పి ఉండాల్సింది. మీట తిప్పింది నేను. రేపు నా మెడకు చుడితే? ఇద్దరు పిల్లలున్నారు నాకు."

ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఒక్కసారి కూడా.

"నీ మీదికి రానివ్వనన్నా" అన్నాను. ఆయన సరే అనలేదు. ఫోను పెట్టేశాడు.

జూన్ 23, సోమవారం

పెద్దమ్మగారు పిలిపించారు. గదిలో ఆవిడ, కొడుకు, అత్తరు. అత్తరు చేతికి మోచేతిదాకా కట్టు. బల్ల మీద ఆ కూలిపోయిన కప్పు.

ఓనరు మొదలుపెట్టాడు, "ఆపరేటరు ఏదో పొరపాటు..."

"ఆయన పొరపాటేమీ లేదండీ. చల్లార్చమన్నది సారు. అలాగే చెయ్యమన్నది నేను" అన్నాను.

అత్తరు ముందుకు వంగాడు. "చూశారా. ఈ అమ్మాయి కావాలని చేసిందండీ. కప్పు కూలుతుందని ఈ పిల్లకు ముందే తెలుసు."

పెద్దమ్మగారు ఆయన వైపు తిరిగింది. "అయితే నీకు తెలియదా?"

అత్తరు నోరు తెరిచాడు. తెలుసు అంటే అంతమంది ముందు కూలే కప్పు ఎందుకు పట్టుకున్నట్టు? తెలియదంటే ఎన్నో ఏళ్ళ శ్రమ ఎవరిది? ఆ మొహం చూడ్డానికి నేను ఇన్నాళ్ళు బతికినట్టనిపించింది.

ఆవిడ నా వైపు తిరిగింది. అప్పుడు తెలిసింది, అదే గోతిలో నేను కూడా ఉన్నానని.

"నువ్వు చెప్పు పిల్లా. నా చేతిలోంచి తీసి వాడి చేతిలో పెట్టావు. అది నేను చూశాను. కూలుతుందని తెలుసా నీకు?"

తెలియదంటే ఉద్యోగం ఉంటుంది, కప్పు అత్తరుదవుతుంది. తెలుసంటే కప్పు నాది, తప్పూ నాదే. ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని తీసుకోవడానికి లేదు.

"తెలుసండీ" అన్నాను. "ముందే ఒకదాంట్లో టీ పోసి చూసుకున్నాను."

"ఎట్లా తెలుసు?"

"చేసింది నేను కాబట్టి."

సంచిలోంచి మసక కప్పు తీశాను. బల్ల మీద ఆవిడ ఫ్లాస్కు ఉంది. అందులోంచి పొగలు కక్కే టీ పోసి, ముందు నా చేత్తో పట్టుకుని కాసేపు ఉంచాను. ఏమీ కాలేదు. బల్ల మీద పెట్టాను. ఆవిడ అంచు పట్టుకుని చూసింది, వేలితో నొక్కింది, తర్వాత తాగింది. మొత్తం తాగి కప్పు బల్ల మీద పెట్టింది.

"రంగు బాలేదు" అంది. "నిలబడింది."

కొడుకు వైపు చూసి, "కొనేవాళ్ళను మళ్ళీ పిలువు. ఈ కప్పులు చూపించు. కొత్త కాగితాలు వేయించు, ఈ పిల్ల పేరుతో" అంది. అత్తరుతో, "ఇకనుంచి నీ కుర్చీ మిషను దగ్గర వేసుకో. ఆ వేడి నీకూ తెలియాలి" అంది.

అప్పుడు నాతో అంది.

"నువ్వు మాత్రం రేపటి నుంచి రావద్దు. నా చేతిలోంచి కప్పు తీసినందుకు పేరు వేయిస్తున్నా. వాడి చేతిలో పెట్టి పోశావు చూడు, అందుకు పంపిస్తున్నా. ఒకడి చెయ్యి కాలుతుందని తెలిసి కెటిల్ వంచినదాన్ని పక్కన పెట్టుకుని నేను నిద్రపోలేను."

ఓనరు ఏదో అనబోయాడు. ఆవిడ వినలేదు.

అత్తరు నా వైపు చూడకుండా అన్నాడు, "వెళ్ళేముందు ఆ అచ్చు సంగతి... ఎంత వేడి, ఎంతసేపు... కాస్త చెప్పి వెళితే..."

"నాలుగో పేజీలో ఉంది సార్" అన్నాను.

జూన్ 24, మంగళవారం

పొద్దున లేచి, స్నానం చేసి, టిఫిను డబ్బా కట్టుకున్నాను. కట్టుకున్నాక గుర్తొచ్చింది.

ఇంట్లో చెప్పాలి. ఉద్యోగం పోయిందని చెప్పడం సులువే. దానికన్నా ముందు చెప్పాల్సింది ఇంకొకటుంది. నాన్న ఇస్త్రీ బల్ల దగ్గర తెల్ల చొక్కా పరుచుకుంటున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నాన్నా, ఆ కరపత్రంలో ఉంది నా పేరు కాదు."

పెట్టె ఆగలేదు. కాలరు మీదుగా భుజం దాకా వెళ్ళింది. "తెలుసమ్మా."

"ఎప్పుడు?"

"వారానికే. బట్టలు తెచ్చే స్కూలు టీచరు చదివి చెప్పింది. నేను మీ అమ్మాయి పేరు అంటుంటే ఆవిడకే సిగ్గేసిందట."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు నాకు చెప్పలేదు. నేను నీకు చెప్పలేదు." చొక్కా తిప్పి వీపు పరిచాడు. "ఆ పేరెవరిదో కూడా చెప్పిందిలే. ఎవరో డాక్టరుదట. మీ అత్తరేగా?"

అత్తరు అన్న మాట నేను ఇంట్లో ఎప్పుడూ అనలేదు. నిద్రలో పళ్ళు కొరకడంతో పాటు ఇంకేం చేస్తున్నానో.

అప్పుడు అన్నీ చెప్పాను. అచ్చు, కెటిల్, పెద్దమ్మగారి చేతులు, ఆయన చెయ్యి, కుళాయి. నాన్న వింటూ చొక్కా పూర్తి చేసి మడత పెట్టాడు. ఆస్పత్రికి వెళ్ళాడా అని అడిగాడు. వెళ్ళాడన్నాను. కాలిన చెయ్యి ఎలా ఉంటుందో ఆయనకు చెప్పక్కర్లేదు. ఆయన చేతుల మీదే నాలుగైదున్నాయి.

"అంత దూరం వెళ్ళాల్సింది కాదు" అన్నాడు చివరికి. తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు.

"ఆ కరపత్రం పారేశావా?" అన్నాను.

పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు. పెట్టె ఆనించే చోట గుడ్డ పొరలు పరిచి ఉంటాయి. పై గుడ్డ ఎత్తాడు. కింద కరపత్రం ఉంది, చక్కగా పరిచి, నాలుగు మూలలా గుండుసూదులు పెట్టి. కప్పు బొమ్మ గోధుమరంగు తిరిగింది. అడుగున, లావు అక్షరాలున్న చోట, పెట్టె మొన సరిగ్గా ఆనే చోట, నల్లగా మాడింది.

"ఒక్కో చొక్కా అయ్యాక ఒక్క క్షణం" అన్నాడు నాన్న. "ఎక్కువసేపు పెడితే కాగితం అంటుకుంటుంది. తీరిగ్గా చెయ్యాలి."

నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక ఏడుపొచ్చింది. లోపల్నుంచి అమ్మ, "ఏమైందే?" అంటోంది.

"కొత్త కాగితాలు వేయిస్తారట నాన్నా. నా పేరుతో."

"వచ్చాక గోడకు పెడదాం. చదివి చూపిద్దువుగాని, ఈసారి సరిగ్గా." గుడ్డ మళ్ళీ కప్పి, ఇంకో చొక్కా పరుచుకున్నాడు. "ఇది మాత్రం ఇక్కడే ఉండనీ. చివర రెండు అక్షరాలు ఇంకా మిగిలాయి."